చిగుళ్ళ నుండి రక్తం వస్తే పళ్ళు తోమడం మానవద్దు



మీ మనిషి కాలి పుండుతోనో, పక్షవాతంతోనో మంచం మీద ఉంటే ఈ సిస్టరు పళ్ళ గురించి మాట్లాడుతుందేమిటి అని మీకు అనిపించవచ్చు. కారణం ఉంది. ఉదయం వార్డులో తిరుగుతూ "ఈయనకు నోరు శుభ్రం చేశారా?" అని అడుగుతాను. "తోముతుంటే రక్తం వస్తోంది సిస్టర్, అందుకే మానేశాం" అని చాలామంది చెబుతారు. చేయవలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

పన్నూ చిగురూ కలిసే చోట మెత్తటి పాచి పేరుకుంటుంది. అందులోని సూక్ష్మక్రిముల వల్లే చిగురు ఎర్రబడి, వాచి, తాకితే రక్తం వస్తుంది. తోమడం మానితే పాచి పెరుగుతుంది, రక్తమూ పెరుగుతుంది. కొద్ది రోజుల్లో ఆ పాచి గట్టిపడి గార అవుతుంది. గార బ్రష్షుకు రాదు. బొగ్గు, ఇటుక పొడి పెట్టి రుద్దితే అరిగేది పన్నే. వేపపుల్లను నేను వద్దనను, బాగా నమిలి మెత్తగా చేసుకుంటే మంచిదే. కాని వెనుక దవడ పళ్ళ లోపలి వైపుకు అది సరిగా చేరదు.

మెత్తటి బ్రష్షు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు తీసుకోండి. చిగురు అంచున కాస్త ఏటవాలుగా పెట్టి నెమ్మదిగా రెండు నిమిషాలు తోమండి. ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. మొదట్లో రక్తం కనిపించినా భయపడకండి, ఒకటి రెండు వారాల్లో చాలామందికి తగ్గిపోతుంది. తగ్గకపోతే, చీము వచ్చినా, పన్ను కదిలినా, దంతవైద్యునికి చూపించాలి. అయితే జ్వరం ఉండి, చిగుళ్ళ నుండి రక్తం వస్తూ, ఒంటి మీద ఎర్రటి మచ్చలు కూడా కనిపిస్తే అది వేరే సంగతి. ప్లేట్‌లెట్లు తగ్గి ఉండవచ్చు, వెంటనే డాక్టరు గారికి చెప్పండి.

క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని చాలామంది భయం. ఎన్నిసార్లు చెప్పినా ఈ మాట పోదు! పంటిని పట్టి ఉంచే ఎముక అప్పటికే కరిగిపోయి ఉంటుంది, గార అడ్డుగా ఉండి అది తెలియనివ్వదు. గార తీశాక సందులు కనిపిస్తాయి, కొన్నాళ్ళు చల్లనీళ్ళకు పళ్ళు జివ్వుమంటాయి. పోయిన ఎముక మామూలుగా తిరిగి రాదు. మిగిలినదాన్ని కాపాడుకోవడానికే ఆ క్లీనింగ్.

షుగరు ఉన్నవారి ఇంటివాళ్ళు ఈ మాట బాగా వినండి. షుగరు ఎక్కువగా ఉంటే చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది. చిగుళ్ళలో వాపు, చీము ఉంటే షుగరు అదుపులోకి రావడమూ కష్టమవుతుంది. అందుకే మందుతో పాటు నోరు కూడా చూసుకోవాలి. పొగ తాగేవారికి మరొక మోసం ఉంది. చుట్ట, బీడీ తాగేవారి చిగుళ్ళకు రక్తం తక్కువగా వస్తుంది కనుక లోపల జబ్బు ముదిరినా బయటికి తెలియదు. మన ఉత్తర కోస్తాలో అడ్డపొగ తాగే పెద్దమ్మలకు అంగిట్లో పుండు పడి క్యాన్సరు కూడా రావచ్చు. ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్, బి.పి.కి ఇచ్చే ఆమ్లోడిపిన్ కొందరిలో చిగుళ్ళను ఉబ్బిస్తాయి. అలా కనిపిస్తే చెప్పండి, మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ఇక మంచం మీద ఉన్నవారి సంగతి. మింగగలిగిన మనిషైతే తల కొంచెం ఎత్తి, ముఖం పక్కకు తిప్పి, చిన్న బ్రష్షుతో మీరే తోమవచ్చు. కట్టుడు పళ్ళుంటే రాత్రి తీసి, కడిగి, నీళ్ళలో వేయండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం చుక్క నీరు కూడా పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వారికి తడిపి పిండిన గాజుగుడ్డతో మేమే తుడుస్తాం. ఇంటికి వెళ్ళాక మీరు చేయవలసి ఉంటుంది కాబట్టి, తుడిచేటప్పుడు పక్కన నిలబడి చూసి నేర్చుకోండి.