తొమ్మిదితో పోతుందేమో చూడండి
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)

 

తెలివైనవాడంటే ఎవరు? చకచకా జవాబు చెప్పేవాడని మనందరి అభిప్రాయం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. బి.కాం. పాసై 1984లో ఇక్కడే, బరంపురంలో, బ్యాంకు గుమస్తాగా చేరాను. పొడుగాటి కూడికలు నోటితోనే చేసేవాణ్ణి. అందరూ మెచ్చుకుంటుంటే కాస్త గర్వం కూడా ఉండేది.

అప్పట్లో లెడ్జర్లు చేత్తో రాసేవాళ్లం. ఒక సాయంత్రం లెక్క 2,700 రూపాయలు తేడా వచ్చింది. మూడుసార్లు కూడాను. తప్పు నాది కాదనే నమ్మకంతో తక్కినవాళ్ల పుస్తకాలన్నీ వెతికించాను. రాత్రి ఎనిమిదయింది. ఓచర్లు కుట్టే దఫ్తరీ, ఏడో తరగతి చదివినవాడు, మెల్లగా అన్నాడు: "బాబుగారూ, తేడా తొమ్మిదితో పోతుందేమో చూడండి."

పోయింది. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడుతుంది. 52ను 25 అని రాస్తే తేడా 27. అలా వెతికితే, ఒక చిన్న వర్తకుడు జమచేసిన 5,200ను 2,500గా రాసిన చెయ్యి నాదేనని తేలింది. ఆ రాత్రి దొరక్కపోతే మర్నాడు అతని చెక్కు తిరిగిపోయేది. బజారులో పరువు పోయేది అతనిది, నాది కాదు.

"నీకిది ఎలా తెలుసు?" అని అడిగాను. "తెలియక ఒకసారి పాత హెడ్డు గుమస్తాగారిని అడిగానండి" అన్నాడు. నేను కామర్సు పట్టభద్రుణ్ణి. అయినా ఎవరినీ అడగలేదు.

తప్పు ఒప్పుకుని దిద్దుబాటు పక్కన సంతకం పెట్టించుకోవడానికి మేనేజరుగారి ముందు నిలబడ్డాను. ఆయన, "తప్పు చేసిన గుమస్తాతో భయం లేదు. దాచిన గుమస్తాతోనే భయం" అన్నారు.

పిల్లలూ, ఇప్పుడు కూడికలు కంప్యూటరే చేస్తుంది. 'నాకు తెలియదు, చెప్పండి' అనడం, 'ఈ తప్పు నాదే' అనడం మాత్రం మీరే చెయ్యాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట్లో తెలుగు, బడిలో ఒరియా, పుస్తకంలో ఇంగ్లీషు. మన పిల్లవాడు జవాబుకు ఒక్క క్షణం ఆలస్యం చేస్తే మందబుద్ధి అనకండి. తెలియదని వచ్చి చెబితే కసరకండి. ఈ రోజు కసిరితే రేపు దాస్తాడు.

సెలవు.