ఇంటి బాయిలరు – ప్లాస్టిక్ పొగగొట్టము

ప్లాస్టిక్ గొట్టము నెరుగనివారు మనలో లేరు. బోరుబావి నుండి పొలమునకు నీరు తెచ్చునది అదియే. మేడమీది తొట్టి నుండి వంటయింటికి నీరు దింపునదియు అదియే. ఆ గొట్టము ఎక్కడనైన కారినచో గోడ చెమ్మగిల్లును, నేల తడియును. లోపము తన్ను తానే చాటుకొనును. శీతలదేశములలో ఇట్టి గొట్టమే మరియొక పని చేయుచున్నది. ఇంటిని వెచ్చచేయు గ్యాసు బాయిలరు విడుచు పొగను అది ఆరుబయటికి గొనిపోవుచున్నది. ఈ గొట్టమునకు పగులు వచ్చినచో కంటికేమియు కానరాకపోవచ్చును. ముక్కునకు వాసనయు తగులకపోవచ్చును. నీటి గొట్టమునకును దీనికిని గల ముఖ్యభేదము ఇదియే.

అమెరికా, కెనడా, ఇంగ్లండు దేశములలో స్వంత ఇండ్లు ఏర్పరచుకొన్న తెలుగు కుటుంబములు నేడెన్నియో కలవు. మన పిల్లలు కాపురముండు ఇండ్లలో ఈ గొట్టమున్నది గనుక, ఈ విషయము మనకు పరాయిది కాదు.

అసలు పొగను ప్లాస్టిక్ ఎట్లు భరించుచున్నదని సందేహము కలుగవచ్చును. పాతకాలపు బాయిలరు విడుచు పొగ 150 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన వేడితో పోవును. దానికి ఇనుప గొట్టమో, ఇటుక పొగగూడో తగును. క్రొత్త బాయిలరు మార్గము వేరు. సహజవాయువులో ప్రధానమైనది మీథేను. ఒక కిలో మీథేను మండినచో రెండుంబాతిక కిలోల నీటియావిరి పుట్టును. ఇల్లంతయు తిరిగి బాయిలరునకు మరలివచ్చు నీరు సుమారు 55 డిగ్రీలకు లోబడియున్నచో, ఆ యావిరి అక్కడనే నీరుగా మారి, తనలోని గుప్తోష్ణమును ఇంటికే అప్పగించును. పొగ చల్లబడును, ఇంధనము ఆదా యగును. ఇంగ్లండు, వేల్సులలో 2005 ఏప్రిలు నుండి క్రొత్తగా అమర్చు గ్యాసు బాయిలర్లు సాధారణముగా ఈ జాతివే కావలెనని నిబంధన వచ్చినది.

పొగ చల్లబడినంతవరకే ప్లాస్టిక్ చెల్లును. మరలివచ్చు నీరు వేడిగా నున్నచో పొగయు వేడిగానే పోవును. కావున గొట్టమును వేడిమినిబట్టి ఎన్నుకొనవలెను. కెనడాలోని ఎస్ 636 అను ప్రమాణము పి.వి.సి. గొట్టమునకు 65 డిగ్రీలు, సి.పి.వి.సి.కి 90 డిగ్రీలు, పాలీప్రొపిలీనునకు 110 డిగ్రీలు హద్దుగా నిర్ణయించినది. ఈ హద్దులు ఊరక పెట్టినవి కావు. అమెరికాలో అధికోష్ణమునకు ఓర్చునని నమ్మి వాడిన ఒక తరహా ప్లాస్టిక్ గొట్టములు పగిలియు, అతుకులు విడియు విషవాయువును ఇండ్లలోనికి వదలగలవని తేలగా, 1998లో సుమారు రెండున్నర లక్షల ఫర్నేసులు, బాయిలర్ల గొట్టములను మార్చు కార్యక్రమము ప్రకటింపవలసివచ్చెను. బాయిలరు తయారీదారు తన పుస్తకములో పేర్కొన్న గొట్టమునే, పేర్కొన్న లావుతోనే, పేర్కొన్న పొడవునకు లోబడియే వాడవలెను. అంగడిలో చౌకగా దొరకు మురుగునీటి గొట్టము చూపునకు ఒక్కటిగానే యుండును. దానిని బదులుగా వాడరాదు.

ఇక వాలు సంగతి. పొగలోని యావిరి గొట్టములోను నీరగును. ఆ నీరు ఆమ్లగుణము కలది. అది వెనుకకు జారి బాయిలరునకు చేరునట్లు అమెరికాలో సాధారణముగా అడుగునకు పావు అంగుళము వాలు పెట్టుదురు. ఇంగ్లండులో మీటరునకు సుమారు 5 సెంటీమీటర్లు. పట్టీల ఆధారము చాలక గొట్టము నడుమ క్రుంగినచో, అక్కడ నీరు నిలిచి పొగకు అడ్డుపడును. బాయిలరు క్రింద నీరు పోవుచోట నుండు వంపుగిన్నెను ముట్టించుటకు ముందే నీటితో నింపవలెను. లేనిచో పొగ ఆ దారినే గదిలోనికి రాగలదు. వేడికి గొట్టము సాగునని కూడ మరువరాదు. పది మీటర్ల పి.వి.సి. గొట్టము 40 డిగ్రీల వేడి పెరిగినచో సుమారు రెండు సెంటీమీటర్లు సాగును. పట్టీలు గొట్టమును మోయవలెనే గాని బిగదీయరాదు.

అతుకులలోనే ప్రాణమున్నది. గొట్టమును సూటిగా కోసి, అంచుల పొట్టు గీకి, శుభ్రపరచి, ఆ జాతి గొట్టమునకు తగిన ప్రైమరు, జిగురు రెండువైపుల పూసి, అడుగంట నెట్టి కదలకుండ పట్టుకొనవలెను. జిగురు పూర్తిగా ఆరకముందు బాయిలరు వెలిగింపరాదు. పాలీప్రొపిలీనునకు జిగురంటదు, దానికి రబ్బరు వలయములు, బిగింపు కట్లు ఉండును. ఒక కంపెనీ ముక్కను మరియొక కంపెనీ ముక్కతో కలుపరాదు. అతుకులను కప్పులోపల దాచివేయుటయు ప్రమాదమే. ఇంగ్లండులో 2013 జనవరి నుండి, దాగియున్న పొగగొట్టమును పరీక్షించుటకు తలుపులు లేనిచో దానిని ప్రమాదకరముగా పరిగణించుచున్నారు.

గొట్టపు నోరు వెలుపల ఎక్కడ తెరచుకొనవలెను? కిటికీలకు, తలుపులకు నియమిత దూరములో. నేలకే గాక, అక్కడ పేరుకొను మంచు మట్టమునకు కూడ కనీసము ఒక అడుగు ఎత్తున. 2005 జనవరిలో మాసచూసెట్సు రాష్ట్రములోని ప్లిమత్ పట్టణమున ఒక ఇంటి తాపనయంత్రపు పొగదారి మంచుతో పూడిపోగా, ఏడేండ్ల బాలిక విషవాయువునకు బలియైనది. ఆ పిదప, కార్బన్ మోనాక్సైడును పసిగట్టి మ్రోగు యంత్రములు ఇండ్లలో ఉండితీరవలెనని ఆ రాష్ట్రము 2006లో శాసనము అమలుచేసినది. ఈ వాయువు రక్తములోని హీమోగ్లోబినును ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. ఇంటిల్లిపాదికి ఒకేసారి తలనొప్పి, వికారము, మగత కలిగినచో జలుబని ఉపేక్షింపక వెంటనే బయటికి నడచి, అక్కడ నుండి సహాయమునకు పిలువవలెను.

ఈ పని లైసెన్సు గల పనివారిది. ఇంగ్లండులో గ్యాస్ సేఫ్ పట్టికలో పేరున్నవారే దీనికి పూనుకొనవలెను. అయినను గృహస్థునకు చేయవలసినది కొంత కలదు. తయారీదారు పుస్తకమును అడిగి చూడవచ్చును. గొట్టముపై ముద్రించిన అక్షరములు చదువవచ్చును. ఏటేట పరీక్ష చేయింపవచ్చును. పడకగదుల చెంత మ్రోగు యంత్రము నుంచవచ్చును. మంచు కురిసిన ఉదయమున మొదట గొట్టపు నోటిని తుడువవచ్చును.

మన స్నానపుగదులలోని గ్యాసు గీజరు సంగతి కూడ చెప్పవలెను. దాని పొగ మిక్కిలి వేడిది. దానికి ప్లాస్టిక్ గొట్టము ఎన్నడును తగదు. తయారీదారు చెప్పిన లోహపు గొట్టముతో పొగను ఆరుబయటికే పంపవలెను. తలుపులు, కిటికీలు బిగించిన చిన్నగదిలో దానిని మండించి స్నానము చేయుట ప్రాణములతో చెలగాటము. దేశమేదైనను, గొట్టమేదైనను, నిప్పు విడిచిన గాలి మనము పీల్చు గాలితో కలియరాదు.