చలికీ కులముంది

(పలమనేరు ప్రాంతంలోని ఒక దళితవాడలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కింద తిరుపతిలో ఉండేవాళ్లకు మన చలి తెలీదు. మొగిలి ఘాటు ఎక్కితే కుప్పం దాకా ఈ నేల సముద్రమట్టానికి రెండువేల అడుగుల పైన ఉంది. కార్తీకంలో ముసురు, ఆ వెనక మంచు, సంక్రాంతి దాటేదాకా వణుకు. చలి అందరికీ ఒకటేనంటారు. కాదు. ఊర్లో మిద్దెలకు గట్టి తలుపులుండాయి, మంచం మీద పరుపుండాది. మన పల్లెలో ఒక దుప్పటి కింద ముగ్గురు బిడ్డలు. నడిమి బిడ్డకు నిద్ర, అంచున ఉన్న బిడ్డలకు జాగారం. ఆ అంచు బిడ్డే పొద్దున బడిలో కునుకుతుంది. "రాత్రంతా టీవీ చూసినావా?" అంటాడు అయివారు. మేమూ అయివార్లమే. మేమూ ఆ మాట అన్నవాళ్లమే. ఆ తప్పు మీ ముందర ఒప్పుకుంటున్నాం.

మా చిన్నప్పుడు మాకు ఒకటే చొక్కా. అమ్మ కూలి నుంచి వచ్చి రాత్రిపూట ఉతికేది. ముసురు రోజుల్లో ఆరకపోతే పొయ్యి పైన దండెం కట్టి వేసేది. తెల్లారి సగం తడితో, నిండా పొగ వాసనతో దాన్నే తొడుక్కొని పోయేవాళ్లం. ఒకరోజు పక్కన కూర్చున్నవాడు ముక్కు మూసుకొని "పల్లె వాసన" అన్నాడు. అయివారు విని నవ్వి ఊరకున్నాడు. ఆనాటి నుంచి జవాబు తెలిసినా మేం చెయ్యి ఎత్తలేదు. ఎత్తితే వాసన పక్కోడికి కొడుతుందని భయం. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. ఆ భయంతో చెయ్యి ఎత్తకుండానే బడి మానేసిన మా జతగాళ్ల లెక్క ఏ రిజిస్టరులో ఉంది?

బాబాసాహెబ్ 1900 నవంబరు 7న సతారా బడిలో చేరాడు. తరగతిలో ఒక మూలన, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చోవాల్సి వచ్చింది. సాయంత్రం ఆ పట్టాను మళ్లీ ఇంటికి మోసుకుపోవాలి. బడి ఊడ్చే మనిషి కూడా దాన్ని ముట్టేవాడు కాదు. ఈనాడు గోనెపట్టా పోయింది. బల్లలొచ్చినాయి. కానీ ఆ మూల పోయిందా? మీ బిడ్డను ఏ బల్ల మీద కూర్చోబెట్టినారో, ఎవరి పక్కన కూర్చోబెట్టినారో రేపు పోయి చూడండి.

ఇది చెరకు కొట్టే కాలం కూడా. అమ్మానాయనా కోడికూతకే చెరకు తోటకో గానుగ కాడికో పోతారు. చంటిదాన్ని చూసేది ఎనిమిదేండ్ల అక్క. నీళ్లు పట్టి, తమ్ముడికి ముఖం కడిగి, సద్ది పెట్టి ఆ బిడ్డ బడికొచ్చేసరికి బెల్లు అయిపోయింటాది. ఆలస్యమైందని వరండా నీడలో నిలబెడతారు. వణికే బిడ్డను నీడలో నిలబెట్టేది ఏం చదువు? రెండుసార్లు నిలబెడితే మూడోనాడు ఆ బిడ్డ రాదు. అప్పుడు "పల్లె బిడ్డలకు చదువు మీద శ్రద్ధ లేదు" అంటారు.

మనకు చేతిలో ఏమీ లేదా? ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను కొట్టడాన్నే కాదు, మనసు నొచ్చేట్టు వేధించడాన్నీ నిషేధించింది. 21వ సెక్షను ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లుండాలి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆర్డరేసినాక బడిలో వండిన అన్నం బిడ్డల హక్కయింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. 2023 మార్చిలో రాగిజావ కూడా చేర్చినారు. మన సంగటిని చూసి నవ్వినవాళ్ల బడిలోకే మన రాగులు పోయినాయి!

కమిటీలో వేలిముద్ర వేసి వచ్చేది చాలు. ఈసారి అక్కలు ఈ మాటలు అడగండి:

చలి నెలల్లో ప్రార్థన ఎండలో పెట్టండి. మొదటి పాఠం కూడా ఎండ కాచుకుంటూ చెప్పొచ్చు.

రాగిజావ ఇచ్చే రోజుల్లో పొద్దున్నే, వేడివేడిగా పోయండి.

ఆలస్యంగా వచ్చిన బిడ్డను లోపలికి పిలవండి. కారణం తర్వాత, ఒంటరిగా, మెల్లగా అడగండి.

యూనిఫారం కనబడలేదని స్వెట్టరు విప్పించొద్దు. సర్కారు కిట్టులో బట్టలు, బూట్లు, సంచి ఉండాయి గానీ స్వెట్టరు లేదు. ఏ రంగుదైనా వేసుకోనివ్వండి.

బల్లలు వారానికొకసారి మార్చండి. వెనక కూర్చున్నవాళ్లు ముందుకు రావాల.

ఇంట్లో మనం చేయాల్సిందీ ఉంది. తలుపులన్నీ మూసి కుంపటి పెట్టొద్దు, ఆ పొగ బిడ్డల రొమ్ముకు చేటు. బిడ్డ ఎగశ్వాస తీస్తున్నా, ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా అది నిమ్ము కావచ్చు. అంత్రం కట్టించుకుంటూ పొద్దు పుచ్చొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. దుప్పట్లు, బొంతలు ఎండ కాసిన రోజున తప్పకుండా ఎండేయండి.

చివరగా మాలాంటి ఉద్యోగస్తులకు ఒక మాట. జీతం రాగానే టౌనులో ఇల్లు కట్టుకొని, ఏప్రిల్ 14న మాత్రం పల్లెకొచ్చి దండ వేసి పోతున్నాం. ఈ సంవత్సరం ఒక్కొక్కరం ఇద్దరు బిడ్డలకు స్వెట్టర్లు, ఒక ఇంటికి దుప్పటి తేవాల. స్టేజీ కట్టి, ఫోటో తీసి ఇవ్వొద్దు. అది దానమైపోతుంది. మేనమామ తెచ్చినట్టు రాత్రిపూట ఇంటికి పోయి ఇద్దాం.

మాకు కావాల్సింది ఒకటే. ఈ సంక్రాంతి లోపల అయివారు ప్రశ్న అడిగినప్పుడు మన పల్లె బిడ్డ ఏ వాసనకూ భయపడకుండా చెయ్యి ఎత్తాల. ఎత్తిన ఆ చెయ్యిని అయివారు చూడాల. చూసేదాకా మనం బడి గడప కాడనే ఉందాం.

జై భీమ్!