బిడ్డ పోషణకు రాజీ కాగితం అడ్డు కాదు

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన మూడు జిల్లాల్లో ఏ ఊరికి పోయినా ఒక కాగితం గురించి వింటాం. భర్త వదిలేసి వెళ్ళాక పెద్దమనుషులు కూర్చుని రాయించిన కాగితం అది. "ఇంత సొమ్ము ముట్టింది, ఇకమీద పిల్లల ఖర్చు అడగను" అని రాసి, కింద తల్లి చేత వేలిముద్ర వేయిస్తారు. ఆ సొమ్ము కొన్నాళ్ళకే అయిపోతుంది. పిల్లలు పెరుగుతారు, బడి ఖర్చులు పెరుగుతాయి. అప్పుడు అడిగితే "రాసిచ్చినవు కదా" అంటారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనోవర్తి హక్కు బిడ్డది. తల్లి వేలిముద్రతో అది పోదు.

పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ మనందరికీ తెలిసిందే. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చింది. కులం, మతం, తెగ తేడా లేకుండా అందరికీ వర్తిస్తుంది. పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డను చట్టం ఇంకా "అక్రమ సంతానం" అనే అంటోంది. బిడ్డకు అక్రమం అంటగట్టే ఆ మాట మనకు నచ్చదు. అయినా ఆ బిడ్డకు కూడా సమాన హక్కే ఇచ్చింది. పెళ్ళి చేసుకుంటానని మోసపోయిన తండా పిల్లల విషయంలో దీన్ని మరవకండి. నెలకు 500 రూపాయలు మించకూడదన్న పరిమితి 2001లోనే పోయింది.

"నాకు పని లేదు" అన్న సాకు చెల్లదు. ఒళ్ళు బాగున్న భర్త కూలి చేసైనా భార్యాబిడ్డలను పోషించాలని 2022లో అంజు గార్గ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇరుపక్షాలూ ఆస్తి, ఆదాయ వివరాలు ప్రమాణపత్రంలో ఇవ్వాలనీ, దరఖాస్తు వేసిన నాటి నుంచే మనోవర్తి లెక్కించాలనీ 2020లో రజనేష్ వర్సెస్ నేహా కేసులో చెప్పింది. సింగరేణి ఉద్యోగి అయితే జీతం వివరాలు తెప్పించమని కోర్టును అడగవచ్చు.

"కేసు వేస్తే పిల్లవాణ్ణి తీసుకుపోతా" అన్న బెదిరింపుకు చాలామంది తల్లులు లొంగిపోతున్నారు. పోషణ వేరు, బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది వేరు. బిడ్డను చూడనివ్వడం లేదని తండ్రి డబ్బు ఆపకూడదు. డబ్బు ఇస్తున్నానని బిడ్డను లాక్కుపోకూడదు. హిందూ మైనారిటీ, సంరక్షక చట్టం ప్రకారం అయిదేళ్ళలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. లంబాడా, కోయ తల్లులు 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టుకు పోవచ్చు. అక్కడ బిడ్డ క్షేమమే ముఖ్యం.

ఇక మనం చేయాల్సిన పని. ఆ రాజీ కాగితాన్ని చింపనివ్వకండి. బిడ్డ తండ్రి తానేనని ఒప్పుకుని అతను అందులో సంతకం చేసి ఉంటే అదే మనకు సాక్ష్యం. దానితోపాటు జనన ధ్రువపత్రం, బడి రికార్డు జత చేయండి. భార్య తానుంటున్న జిల్లాలోనే దరఖాస్తు వేయవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

ఉత్తర్వు రాగానే మన పని అయిపోలేదు. బాకీ పడ్డ నెల నుంచి ఏడాదిలోగా వసూలుకు దరఖాస్తు వేయకపోతే, వారంటు ద్వారా ఆ నెల సొమ్ము రాబట్టే దారి మూసుకుపోతుంది. ఒక్కో నెల బాకీకి నెల వరకు జైలు వేయవచ్చు. జైలుకు పోయినంత మాత్రాన బాకీ తీరదని సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ప్రతి సంఘంలో ఒక పుస్తకం పెట్టండి. ఎవరి ఉత్తర్వు ఏ తేదీన వచ్చింది, ఏ నెల డబ్బు రాలేదు, ఏడాది గడువు ఎప్పుడు ముగుస్తుంది అన్నవి రాయండి. ఆ గడువు ఒక్క తల్లికీ దాటిపోకుండా చూసే బాధ్యత మనది.