ఘంటానాదం – లోహధర్మం

(ఆలయ జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక సందర్భంగా పటమటలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఆలయానికి నూతన ఘంటను పోతపోయించాలని సంకల్పించినప్పుడు పలువురు భక్తులు తమ ఇండ్లలోని రాగి చెంబులు, ఇత్తడి బిందెలు తెచ్చి, "పంతులుగారూ, ఇవి కూడా అందులో కరిగించండి" అని కోరారు. నేను వలదన్నాను. కొందరి మనస్సు నొచ్చుకున్నది. అందుకు కారణం విన్నవించుకోవడం నా విధి.

సుమారు ముప్పది సంవత్సరాల క్రితం వేరొక గ్రామంలో నేను అర్చకత్వం చేస్తుండగా ఇటువంటి ఘంటనే పోయించాము. ఊరంతా పాత్రలు సమర్పించింది. మాట్లు వేసినవి, కళాయి పూసినవి, చిల్లులు పడినవి అన్నీ మూసలో పడ్డాయి. ఘంట తయారైనది గాని నాదం మందంగా పలికింది. రెండవ కార్తీకమాసంలో పెదవి వద్ద బీట వారింది. భిన్నమైన ఘంట పూజకు పనికిరాదు కనుక దించివేశాము. అప్పుడు ఊరిలో ఒక మాట పుట్టింది. ఒక పేద వితంతువు ఇచ్చిన చెంబు వల్లనే ఈ అరిష్టం కలిగిందన్నారు. ఆ నింద అన్యాయమని నా అంతరాత్మకు తెలుసు. అయినా నిరూపించే జ్ఞానం లేక మౌనం వహించాను. ఆ తల్లి మరల ఆలయ గడప తొక్కలేదు.

ఆ ఘంట తునక ఒకటి నా వద్ద ఉండిపోయింది. ఇటీవల మన ఆలయానికి వచ్చే ఒక లోహశాస్త్ర ఆచార్యులు దానిని నునుపు చేయించి, సూక్ష్మదర్శినిలో నాకు చూపారు. ఆయన వివరించినదే నా మాటలలో చెబుతున్నాను.

లోహం కంటికి ఏకఖండంగా కనిపించినా, అది అసంఖ్యాకమైన స్ఫటిక రేణువుల కూర్పు. ఒక్కొక్క రేణువులో పరమాణువులు వరుస తప్పక నిలుస్తాయి. రెండు రేణువులు కలిసే సరిహద్దులో మాత్రం ఆ వరుస చెదురుతుంది. కాగిన లోహం తనలో ఇముడ్చుకున్న ఇతర ధాతువులను చల్లారినప్పుడు ఇముడ్చుకోలేదు. మిగిలినది విడివడి అవక్షేపమవుతుంది. పటికబెల్లం చేసే తీరు చూడండి. చిక్కని పాకంలో దారం వ్రేలాడదీస్తే పలుకులు ముందుగా ఆ దారాన్నే పట్టుకుంటాయి. లోహంలో ఈ సరిహద్దులే ఆ దారం. అచ్చట అవక్షేపం పుట్టడం సులభం. పరమాణువులు సరిహద్దు వెంట త్వరగా కదలగలవు కనుక పెరగడమూ సులభం. వేడి కొనసాగితే చిన్న పలుకులు కరిగిపోయి, పెద్దవి మరింత పెద్దవవుతాయి.

సీసం ఘన రాగిలో కరగదు. రాగి 1,085 డిగ్రీల సెల్సియస్ వద్ద గట్టిపడుతుంది. సీసం 327 డిగ్రీల వరకు ద్రవంగానే ఉండి, రేణువుల నడుమ బొట్లుగా చేరుతుంది. నాదాన్ని మ్రింగుతుంది. బిస్మత్ అనే ధాతువు ఇంకను ప్రమాదకరం. నూరు కిలోల రాగిలో కొద్ది గ్రాములున్నా సరిహద్దుల వెంట పలుచని పొరగా పరచుకొని రాగిని పెళుసుగా మారుస్తుంది. నా తునకలో రేణువుల మధ్య బూడిదరంగు మచ్చలు కనిపించాయి. అది సీసమని ఆచార్యులు చెప్పారు. మాట్ల ద్వారా, కల్తీ కళాయి ద్వారా వచ్చి ఉంటుందన్నారు.

అవక్షేపమంతా దోషమని భావించరాదు. మన పటమటకు ఆనుకొనియున్న ఆటోనగర్‌లో చేసే రేకుల పనికి స్పాట్ వెల్డింగు మొనలు కావాలి. అటువంటి మొనలను సాధారణంగా క్రోమియం కలిసిన రాగితో చేస్తారు. ఆ రాగిని సుమారు వెయ్యి డిగ్రీలకు కాచి, నీటిలో ముంచి, మరల 450 నుండి 500 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచుతారు. అప్పుడు క్రోమియం అతిసూక్ష్మ కణాలుగా రేణువుల లోపలంతటా సమంగా పుడుతుంది. రాగికి బలం వస్తుంది. వేడి మితిమీరితే అవే కణాలు ముతకబారి, ఆ బలం తగ్గుతుంది. లోపల సమంగా పంచబడినది బలం. అంచున పోగుపడినది బలహీనత.

కంచు విషయం మరింత సున్నితమైనది. రసరత్నసముచ్చయం కాంస్యానికి ఎనిమిది పాళ్లు రాగి, రెండు పాళ్లు తగరం విధించింది. నేటి ఘంటల పాళ్లు కూడా ఇంచుమించు ఇవే. ఈ కంచు నెమ్మదిగా చల్లారితే, సుమారు 520 డిగ్రీల వద్ద తగరం అధికంగా గల ఒక కఠిన పదార్థం లోపల ఏర్పడుతుంది. అది ఎంత గట్టిదో అంత పెళుసు. అందువలననే ఘంటను ఇనుపకడ్డీతో మోదరాదు. కేరళలోని కంచరులు పాత్రలను ఎర్రగా కాచి నీటిలో ముంచుతారు. ఆ పెళుసు పదార్థం ఏర్పడే వ్యవధి ఇవ్వకపోవడమే అందులోని యుక్తి. ఉక్కు ఇలా ముంచితే పెళుసవుతుంది. కంచు మాత్రం దెబ్బకు ఓర్చుకుంటుంది.

కావున ఈసారి శుద్ధమైన రాగిని, తగరాన్ని పరీక్షించి, తూచి మాత్రమే వాడించాము. భక్తులు తెచ్చిన పాత్రలలో చక్కగా ఉన్నవి అభిషేక జలానికి, ప్రసాద వితరణకు వినియోగమవుతున్నాయి. తక్కినవి దాతల సమ్మతితో విక్రయించి, ఆ ధనాన్ని ఘంట నిధికి జమ చేశాము. ఏ ఒక్కరి సమర్పణా వ్యర్థం కాలేదు.

ఇక నా ఋణం ఒకటి మిగిలింది. ఆ తల్లి నేడు లేరు. ఆమె ఇచ్చినది మాటు లేని చెంబు. నా చేతులతో నేనే అందుకున్నాను. దోషం ఆమె భక్తిలో లేదు. పరీక్షించక అన్నిటినీ కలిపిన మా అవివేకంలో ఉన్నది. ఆనాడు సభలో చెప్పవలసిన మాటను ఈనాడు అచ్చులో చెబుతున్నాను. కుంభాభిషేకం నాడు నూతన ఘంట మ్రోగినప్పుడు మీరందరూ ఆమెను కూడా ఒక్క క్షణం స్మరింపవలసినదిగా ప్రార్థిస్తున్నాను.

స్వస్తి.