ఓపెన్‌కాస్ట్: కరెంటు అందరికీ, దుమ్ము ఎవరికి?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... 2016లో పాత వరంగల్‌ను విభజించినప్పుడు ఏర్పడిన జిల్లాలివి. సింగరేణి బొగ్గు గనులు మాత్రం భూపాలపల్లి దిక్కే ఉన్నయి. పక్కనే చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం. ఆ కరెంటు గ్రిడ్‌లో కలిసి మనందరికీ వస్తది. మరి దుమ్ము ఎవరికి?

భూగర్భ గనిలో సొరంగం తవ్వి బొగ్గు తీస్తరు. ఓపెన్‌కాస్ట్‌లో పైనున్న చెట్టు, చేను, ఒక్కోసారి ఊరు కూడా పోతది. బ్లాస్టింగ్ చేసి, మట్టిని గుట్టలుగా పోస్తరు. పేలుళ్లకు ఇళ్లు అదురుతయి. గనిలో ఊరే నీళ్లను తోడేస్తుంటే చుట్టుపక్కల బావులు ఎండిపోవచ్చు.

అటువైపు మాట కూడా వినాలె. ఓపెన్‌కాస్ట్‌లో ఖర్చు తక్కువ, ఉత్పత్తి ఎక్కువ, పైకప్పు కూలే భయం లేదు. నిజమే. కానీ షావెళ్లు, డంపర్లే పని చేస్తయి కాబట్టి కొలువులు తక్కువ. పరిహారం ఒక్కసారే వస్తది, భూమి ఏటా పంట ఇస్తది.

మరి మనం ఏం చేయొచ్చు? పెద్ద గనికి పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని 2006 నోటిఫికేషన్ చెప్తోంది. కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలె. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలె. అడిగి చదవండి. గోడ పగుళ్లు, బావిలో నీళ్లు ఇప్పుడే తేదీతో ఫొటో తీసి పెట్టుకోండి. సభలో మీరు చెప్పింది రికార్డులో రాసిన్రా లేదా చూడండి.

బొగ్గు ఒకనాటికి అయిపోతది. ఆ గుంత మాత్రం ఊరికే మిగులుతది. మీ ఊరి దగ్గర ఓపెన్‌కాస్ట్ ఉంటే, మీరు చూసింది కామెంట్‌లో రాయండి.