మోకీలు మార్పిడికి ముందు ఒక మాట

మోకీళ్లు అరిగి నాలుగడుగులు వేయలేనివారికి మోకీలు మార్పిడి ఆపరేషన్ పెద్ద ఊరట. అయినా, చేయించుకున్న ప్రతి ఐదుగురిలో ఇంచుమించు ఒకరు తమకు పూర్తి తృప్తి లేదంటారని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. ఆపరేషన్ చెడిపోయిందనా? చాలాసార్లు కాదు. అనుకున్నదొకటి, అయిందొకటి. అందుకే ముందే మాట్లాడుకోవాలి. డాక్టరుతో, ఫిజియోథెరపిస్టుతో, ఇంట్లోవాళ్లతో కూడా.

మనవాళ్లు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "కింద కూర్చోగలనా, డాక్టరుగారూ?" నొప్పి తగ్గుతుంది. నడక బాగుపడుతుంది. కానీ బాసింపట్టు వేసుకుని భోజనం చేయడం, గొంతుక్కూర్చోవడం చాలామందికి కుదరవు. ఇంట్లో వెస్టర్న్ టాయిలెట్ ముందే పెట్టించుకోండి. ఈ సంగతి ముందే తెలిస్తే మనసు సిద్ధపడుతుంది. తర్వాత తెలిస్తే మోసపోయామనిపిస్తుంది.

మొదటి వారాల్లో నొప్పి, వాపు ఉంటాయి. కుట్లకు బయటివైపు చర్మం మొద్దుబారినట్టుంటుంది. నడుస్తుంటే టిక్కుమని చప్పుడూ రావచ్చు. ఇవి మామూలే. పూర్తిగా కోలుకోవడానికి ఏడాది పట్టొచ్చు. పక్కింటావిడ నెలకే గుడిమెట్లెక్కిందని పోల్చుకుని కుంగిపోకండి.

మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, నిజమే. కానీ అది అలవాటైతే కాలు పూర్తిగా చాపడం కష్టమవుతుంది. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టుకోండి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు ఆపరేషనైన కాలు ముందు. జ్వరం వచ్చినా, గాయం నుంచి చీము కారినా, పిక్క వాచి నొప్పెట్టినా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే నేరుగా ఆసుపత్రికే వెళ్లండి.